దాహమెరుగని గడ్డి

ఎర్రదిన్నె వాతావరణ కేంద్రంలో సరిగ్గా పనిచేసేది థర్మామీటరు ఒక్కటే. గాలివేగం కొలిచే గిన్నెలు ఒక వేసవి సుడిగాలికి ఎగిరిపోయి ఎవరి చేలో పడ్డాయో ఇంతవరకు తెలియదు. ఎండ కొలిచే గాజుబుడ్డి దుమ్ముపట్టి గుడ్డిదైంది. గాలిలో తేమ చెప్పే పరికరాన్ని బాగుచేయించడానికి బెంగుళూరు పంపితే అది అక్కడే స్థిరపడిపోయింది. మిగిలిన థర్మామీటరు మాత్రం పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత అని పాపం తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. ఆ రెండు అంకెలు పట్టుకుని, కుడికాలవ కింది చేలన్నీ ఎంత నీరు తాగుతాయో చెప్పమని పైనుంచి వనజాక్షిని అడుగుతూ ఉంటారు.

వనజాక్షి చెప్పేది కూడా. వేడిని బట్టి నేలలోంచీ ఆకుల్లోంచీ ఎంత నీరు ఆవిరైపోతుందో ఉజ్జాయింపుగా కట్టే సూత్రం ఒకటుంది. మామూలు రోజుల్లో దాంతో ఫరవాలేదు. ఆషాఢం వచ్చిందంటే మాత్రం అది చేతులెత్తేస్తుంది. ఆ రోజుల్లో ఎర్రదిన్నె మీద కొట్టే గాలికి ఆరేసిన చీర ఆరేసిన చోట ఉండదు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంటుంది, థర్మామీటరు చల్లగానే ఉందంటుంది, గాలి మాత్రం ఆకుల్లోంచి నీటిని జుర్రుకుపోతూ ఉంటుంది. థర్మామీటరుకు గాలి సంగతి తెలియదు. అందుకని లెక్క తక్కువ వస్తుంది, కాలవకు నీళ్ళు తక్కువ వదులుతారు, ఆ తక్కువంతా వచ్చి కాలవ చివరి ఊరి మీద పడుతుంది.

ఆ చివరి ఊరు వంకమీదపల్లి. అక్కడ చీనీతోట, అంటే బత్తాయి తోట, పెట్టుకున్న తిప్పేస్వామి వనజాక్షికి బావ. ఆయన భార్య హంపమ్మ ఆమెకు తోడబుట్టిన అక్క. కాబట్టి లెక్క తప్పిన ప్రతిసారీ వనజాక్షికి ఎండుతున్న కొమ్మలు కాగితం మీద కాదు, అక్క ఇంటి వెనక కనపడేవి.

నీటి లెక్కలన్నింటికీ మూలం ఒక గడ్డి. ఆ గడ్డి ఎక్కడా లేదు. జానెడులో సగం ఎత్తు, ఎటు చూసినా ఒకే సమం, నేల కనపడకుండా కమ్ముకున్న పచ్చదనం. తెగులు లేదు, చీడ లేదు. అన్నింటికంటే ముఖ్యం, దానికి ఎన్నడూ నీటికి కొదవ రాదు. అలాంటి గడ్డి ఈరోజు ఈ ఊళ్ళో ఉంటే ఎంత నీరు ఆవిరి చేసేదో ముందు తేల్చుకోవాలి. తర్వాత దాన్నిబట్టి చీనీకి ఇంత, వేరుశెనగకు ఇంత, వరికి ఇంత అని పంచుకుంటూ పోవచ్చు. కరువు సీమలో కూర్చుని దాహమెరుగని గడ్డిని రోజూ ఊహించుకోవడం వనజాక్షి ఉద్యోగం. దానికి జీతం కూడా ఇస్తారని విన్నప్పుడు హంపమ్మ చాలాసేపు నవ్వింది.

ఊహించడమే పనైనప్పుడు ఊహించే యంత్రాన్నే చేస్తే పోలేదా అన్నవాడు జిలానీ బాషా. కేంద్రంలో పరికరాల ఇంజినీరు. చూసుకోవడానికి పరికరాలేవీ మిగలకపోవడంతో అతనికి ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది. గాలినీ ఎండనూ తేమనూ కొలిచేవి పోయాయి సరే, పొద్దుటినుంచీ ఆ గాలిలో, ఆ ఎండలో తిరిగిన మనిషి ఒళ్ళు ఉంది కదా అన్నాడు. చర్మానికి అన్నీ తెలుసు, మెలకువలో మనసు దాన్ని మాట్లాడనివ్వదు. నిద్రపుచ్చి, ఆ నిద్రను నెమ్మదిగా ఒకే ఒక కలలోకి నడిపించాలి. ఆ కలలో మనిషి గడ్డి కావాలి. అప్పుడు ఒంటిమీది రంధ్రాలు ఆకుమీది రంధ్రాల మాదిరే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. వాటిని కొలిస్తే చాలు.

చాలా కాలం కష్టపడి అతను ఒక చాప నేశాడు. వెంట్రుకంత తీగలు కలిపి నేసిన ఆకుపచ్చ చాప. దాని మీద పడుకుంటే ఎక్కడో దూరంగా తేనెటీగలు తిరుగుతున్నట్టు సన్నని రొద వినిపించి కళ్ళు మూతలు పడేవి. మొదట రోజంతా గదిలోనే ఉండే జిలానీయే పడుకున్నాడు. వచ్చిన అంకె ఏసీ గదిలో పెట్టిన పూలకుండీకి సరిపోయేది. వనజాక్షి పడుకుంటే ఆమె అంకె ఇంకాస్త మేలు, కారు అద్దాలు దించుకున్నంత మేలు. ఇద్దరూ మొహామొహాలు చూసుకుని చాపను చుట్టి బీరువా పక్కన నిలబెట్టారు.

అది అక్కడే ఉండిపోయేదేమో. ఒకనాడు హంపమ్మ చెల్లెలికి చీనీకాయల సంచి ఇచ్చిపోదామని బస్సెక్కి వచ్చింది. పొద్దుటినుంచీ తోటలో పాదులు తవ్వి వచ్చిన మనిషి. చెల్లెలు మీటింగులో ఉంటే కాసేపు నడుం వాలుద్దామని చూసింది. మూలన చాప కనపడింది. చాప ఉన్నది పడుకోవడానికి కాక ఇంకెందుకని పరుచుకుని పడుకుంది.

జిలానీ చూసి గుట్టుగా తీగ తగిలించాడు. హంపమ్మ లేచేసరికి తెరమీద ఒక అంకె ఉంది. దూరంగా పెద్ద వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో నేలలో తొట్టి పాతి, అందులో నిజం గడ్డి పెంచి, కింద తూకం పెట్టి చూసే ఏర్పాటు ఒకటుంది. అక్కడి గాలీ ఎండా ఎప్పుడో ఒకనాడు గానీ ఇక్కడితో కలవవు, ఆరోజు కలిశాయి. ఆ తొట్టి చెప్పిందీ హంపమ్మ చెప్పిందీ ఒకటే.

వనజాక్షి వచ్చేసరికి అక్క చాపమీద కూర్చుని తన అరచేతులను తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"ఏమైందక్కా, కల వచ్చిందా?"

"కలో ఏమో. నేను లేనే ఆడ. గడ్డి ఉండాది. యాడ చూసినా గడ్డే. నేనే ఆ గడ్డంతా." హంపమ్మ మాట కోసం తడుముకుంది. "పైన గాలి పోతాంటే ఒళ్ళంతా అలలు పోయినట్ల ఉండాది. కింద తడి. వేళ్ళ సందుల్లో చల్లగా. ఎప్పుడూ ఉంటాదని తెలుస్తాండాది. రేపు ఉంటాదా లేదా అనే బుగులు లేదు. అంత నెమ్మది నేను యా పొద్దూ ఎరగను."

ఆ మాట చెబుతుంటే ఆమె మొహం చాలా పడుచుగా కనిపించింది. వనజాక్షి సంతోషంగా వెళ్ళి అక్క పక్కన కూర్చుంది. అక్కకు పెళ్ళయ్యేనాటికి తాను బళ్ళో చదువుతోంది. తన చదువు కోసం ఆ మనిషి ఎన్ని బిందెలు మోసిందో ఆమెకు గుర్తే. ఇన్నాళ్ళకు అక్కకు ఏదో ఇవ్వగలిగానని ఆరోజు నమ్మింది.

ఆ ఆషాఢమంతా హంపమ్మ రోజు మార్చి రోజు వచ్చేది. పొద్దున తోటపని, మధ్యాహ్నం బస్సు, చాప మీద రెండు గంటల నిద్ర. వనజాక్షి కిటికీ పరదా దించి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. గదిలో వెలుతురు చెరువు అడుగున ఉన్నట్టు ఆకుపచ్చగా ఉండేది. బయట గాలి తలుపుల్ని తన్నుతూ ఉంటే లోపల అక్క ముంజేతిమీది వెంట్రుకలు ఒకవైపుకు వాలి, మళ్ళీ లేచి, మళ్ళీ వాలేవి. గదిలో గాలి లేదు. వనజాక్షి చూస్తూ చూస్తూ తానెక్కడున్నదీ మరచిపోయేది, తనకూ కాళ్ళకింద చల్లగా తడి తగులుతున్నట్టుండేది.

అంకె కాలవ ఇంజినీరుకు వెళ్ళేది. ఆయన ఎలా వచ్చిందని అడగలేదు, అడిగితే చెప్పడానికి వనజాక్షీ సిద్ధంగా లేదు. కాలవ తలుపులు ఆ అంకె ప్రకారమే ఎత్తారు. వంకమీదపల్లికి నీళ్ళు పూర్తిగా వచ్చాయి. తిప్పేస్వామి తోటలో చీనీచెట్లు కొత్త చిగురు తొడిగాయి. ఊళ్ళో జనం దేవుడి దయ అనుకున్నారు. హంపమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అయినా జాగ్రత్త పడలేదని వాళ్ళను అనడానికి లేదు. ఒంట్లో నీరు ఆవిరయ్యే పని కాబట్టి పడుకునే ముందు చెంబెడు నీళ్ళు తాగించేవారు. లేచాక వనజాక్షి ప్రతిసారీ అడిగేది.

"దాహంగా ఉందా అక్కా?"

"లేదే. ఇప్పుడే తాగినా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరింటికైనా పోయినప్పుడు నీళ్ళు తాగుతావా అంటే, నాలుక పిడచగట్టుకుపోతున్నా సరే, ఇప్పుడే తాగొచ్చినా అంటారు. ఆ బిందె ఎంత దూరంనుంచి వచ్చిందో అందరికీ తెలుసు. అడగడం ఆ ఇంటివాళ్ళ మర్యాద, వద్దనడం వచ్చినవాళ్ళ మర్యాద. చిన్నప్పుడు పక్కింట్లో గ్లాసు అందుకున్నందుకు వనజాక్షికి వాళ్ళమ్మ తొడపాశం పెట్టింది. వేరే సీమవాళ్ళెవరైనా అయితే, మొన్నా అదే మాట, ఈరోజూ అదే మాట, ఏమిటిదని ఆగి ఉండేవారు. వనజాక్షి మాత్రం అక్క చెప్పేది ఆ మర్యాదకే అనుకుని మళ్ళీ గ్లాసు చేతికిచ్చేది. హంపమ్మ పుచ్చుకుని పక్కన పెట్టేది. ఇద్దరూ కబుర్లలో పడేవారు.

శ్రావణం రాగానే ఒక ఆదివారం వనజాక్షి వంకమీదపల్లి వెళ్ళింది. చెల్లెలొచ్చిందని హంపమ్మ మరమరాలతో ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసింది. ఆ మిరపకాయలు ఎలాంటివంటే, తిప్పేస్వామి ఒకటి కొరికి కళ్ళు తుడుచుకుని చెంబు ఎత్తాడు. వనజాక్షి సగం తిని, నోరు తెరుచుకుని ఊపిరి పీల్చుకుంటూ ఆయన చేతిలో చెంబు లాక్కుంది. హంపమ్మ ఎదురుగా కూర్చుని నింపాదిగా మూడోది తింటోంది. పెదాలు ఎండి పొట్టు లేచి ఉన్నాయి.

"అక్కా, నీళ్ళు."

"ఇప్పుడే తాగినా."

వనజాక్షి చెంబు కింద పెట్టింది. తాను వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నప్పటినుంచీ అక్క గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. అదీగాక, అది అక్క ఇల్లు. తన ఇంట్లో కూర్చుని తన బిందెలోని నీళ్ళకు ఆ మాట ఎవరూ చెప్పరు.

"నీ ఇంట్లో నువ్వే ఇప్పుడే తాగినా అంటావేంటక్కా?"

హంపమ్మ ఆలోచించింది. ఆమెకూ అది వింతగానే తోచినట్టుంది. "ఏమోనే. అడిగితే ఆ మాట వస్తాండాది. తాగాల అనిపించదు."

తిప్పేస్వామి చెయ్యి కడుక్కుని దగ్గరికి వచ్చాడు. "నాకూ రోజూ ఇదే చెప్తాదమ్మా. నీ కాడ తాగొస్తాండాది అనుకున్యా." నీరసించిన ఎద్దుకు చూసినట్టే భార్య మోచేతి పైన చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లేపి వదిలాడు. లేచిన చర్మం లేచినట్టే నిలబడిపోయింది. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అది సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది.

టౌన్లో డాక్టరు సెలైను ఎక్కించాడు. ఇంకొంచెం ఆలస్యమైతే మూత్రపిండాలు చెడిపోయేవన్నాడు. ఇంత ఎండిపోయిన మనిషికి దాహం వేయకపోవడం తానెక్కడా చూడలేదని, తాగడం మరచిపోతే ఈమె బతకదని కచ్చితంగా చెప్పాడు.

సెలైను బొట్టుబొట్టుగా దిగుతుంటే వనజాక్షికి అంతా అర్థమైంది. చాప అబద్ధం ఆడలేదు. దాన్ని ఎలా తయారు చేశారో అలాగే పనిచేసింది. నీటికి ఎన్నడూ కొదవ లేని గడ్డికి దాహంతో పనేమిటి? ఆ గడ్డిలో అన్ని మధ్యాహ్నాలు గడిపిన ఒళ్ళు దాహాన్ని అక్కడే వదిలేసి వచ్చింది. తామేమో ప్రతిసారీ దాహంగా ఉందా అని అడిగి, లేదంటే సంతోషించారు.

"మనం అడుగుతూనే ఉన్నాం కదా మేడం," అన్నాడు జిలానీ మర్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అడిగాం. అడగాల్సింది అది కాదు భాయ్."

చాపను చుట్టేద్దామని ఇద్దరూ అనుకున్నారు. అంతలోనే కాలవ ఇంజినీరు ఫోను. వారం చివర తలుపులు ఎత్తాలి, గాలులు విపరీతంగా ఉన్నాయి, అంకె ఎక్కడ అన్నాడు. వనజాక్షి సూత్రం పెట్టి థర్మామీటరు అంకెలు వేసి చూసింది. వచ్చింది ఎంత తక్కువో ఆమెకు తెలుసు. ఆ వారం ఆ నీళ్ళు వదిలితే చిగురుమీదున్న తోటలు కాయ రాల్చేస్తాయి.

మధ్యాహ్నం బస్సుకు హంపమ్మ దిగింది. ముంజేతి మీద సెలైను ప్లాస్టరు ఇంకా తీయలేదు. నేరుగా లోపలికి వచ్చి బీరువా పక్కనున్న చాపను తానే తీసి పరుచుకోబోయింది.

"వద్దక్కా. ఇంక వద్దు. నీ ప్రాణం పోతుంది."

"పోతే పోనీలే అనడంలేదు. తాగమంటే తాగుతా. గంటకొక చెంబు పొయ్యండి." హంపమ్మ చాప అంచు పట్టుకునే మాట్లాడింది. "నువ్వు చదువుకుని ఈడికొచ్చినావు, నీకు తెలీదులే. నేను పుట్టిందగ్గర్నుంచీ నీళ్ళ బుగులే. పొద్దున లేస్తే బిందె బుగులు, బోరు బుగులు, చెట్టు బుగులు. గుక్క తాగినా ఎవురి వాటా తాగినానో అని బుగులు. ఆడ అది లేదే వనజా. ఒక్క రెండు గంటలు. అంతమాత్రం నాకుండకూడదా?"

వనజాక్షి అక్కడే తలుపు మూసి అక్కను ఇంటికి పంపేసి ఉండవలసింది. ఒక్కసారి, ఈ ఒక్క వారానికి, పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉంటాను అనుకుంది. చెప్పుకోవడానికి అక్క కోరిక ఉంది, ఊళ్ళో తోటలున్నాయి. తనకు అంకె కావలసి వచ్చిందన్న మాట వాటి వెనక దాగింది. రెండు చెంబులు తాగించి పరదా దించింది.

అంకె త్వరగానే వచ్చింది. జిలానీ తీగ తీసేశాడు. తేనెటీగల రొద ఆగింది. హంపమ్మ లేవలేదు.

"అక్కా. అక్కా, లే."

ముంజేతి వెంట్రుకలు వాలుతున్నాయి, లేస్తున్నాయి. ఇప్పుడు ఆమెకు చాప అవసరం లేదు. దారి తెలిసిపోయింది. పిలిచారు, కుదిపారు. వనజాక్షి మొహం మీద నీళ్ళు చిలకరించింది. హంపమ్మ పెదాలు విచ్చుకుని ఎంతో హాయిగా నవ్వాయి. గడ్డికి నీళ్ళు పోస్తే గడ్డి ఎందుకు లేస్తుంది? నుదుటి మీద పడ్డ తడి చూస్తూ ఉండగానే ఆరిపోయింది. చర్మం కాగితంలా గరగరలాడుతోంది. జిలానీ అంబులెన్సుకూ తిప్పేస్వామికీ ఫోను చేశాడు. ఎండ పడమటి కిటికీలోకి వచ్చింది.

తిప్పేస్వామి అంబులెన్సు కంటే ముందు మోటారు సైకిలు మీద వచ్చాడు. గదినీ, చాపనూ, భార్య మొహం మీది నవ్వునూ చూశాడు. మరదలిని తిట్టి ఉంటే ఆమెకు కొంత తేలికగా ఉండేది. భార్య పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టి, ఇంట్లో మామూలుగా పిలిచినట్టే పిలిచాడు.

"మ్మే, హంపీ. బోరు ఎండిపోయినాది."

హంపమ్మ కళ్ళు తెరిచింది. "యాడ? ఎప్పుడు?" అంటూ లేచి కూర్చుని కొంగు నడుముకు చుట్టుకుంది. బిందె కోసం చెయ్యి చాపి, ఆ చేతిని చూసుకుని, చుట్టూ ఉన్న ముగ్గురినీ చూసింది. అప్పుడు ఆమె మొహంలోంచి ఆ పడుచుదనం వెళ్ళిపోవడం వనజాక్షి దగ్గరగా చూసింది.

"ఎండలేదులే," అన్నాడు తిప్పేస్వామి. "నిన్ను లేపాలని అన్యా."

ఆ సాయంత్రమే వనజాక్షి కత్తెర తీసుకుని చాపను అడ్డంగా కోసింది. వెంట్రుకంత తీగలు ఒక్కొక్కటీ తెగుతుంటే జిలానీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆపలేదు. కోయడం అయ్యాక కింద పడ్డ తీగలన్నీ ఏరి కవరులో వేసుకున్నాడు. ఆరోజు వచ్చిన అంకెను మాత్రం వనజాక్షి పంపింది. దానికి చెల్లించాల్సింది అక్క ఎలాగూ చెల్లించేసింది కదా అనుకుంది. ఆ నీళ్ళు తోటలో పారుతుంటే తిప్పేస్వామి గట్టు మీద నిలబడి చూడలేక ఇంటికి వచ్చేశాడట.

తర్వాత వారంనుంచి మళ్ళీ థర్మామీటరే. వనజాక్షి సూత్రం అంకెతో బాటు, ఇందులో గాలి లేదు, ఇది తప్పకుండా తక్కువ, ఎంత తక్కువో నాకు తెలియదు అని కాలవ ఇంజినీరుకు చెప్పింది. ఆయనకు అంకె కావాలి గానీ బాధ అక్కర్లేదు. తెలియని చోట కొంచెం ఎక్కువ వదలమని ఆమె పట్టుబట్టింది. ఆయన కొంచెం అన్న మాటను బాగా కొంచెంగా తీసుకున్నాడు. గాలిగిన్నెల కోసం ఆమె తిరగని ఆఫీసు లేదు. కొత్తవి వచ్చి స్తంభానికెక్కేసరికి గాలులు తగ్గిపోయాయి. వంకమీదపల్లిలో కాయ రాలింది, కొన్ని చెట్లు నిలువునా ఎండాయి. వాటిలో తిప్పేస్వామివి కూడా ఉన్నాయి.

హంపమ్మకు దాహం రాలేదు. తిప్పేస్వామి సెల్‌ఫోనులో గంటగంటకూ మోగేట్టు పెట్టుకుని, మోగినప్పుడల్లా చెంబు పట్టుకుని భార్య వెనక తిరిగేవాడు. ఆమె మందు మింగినట్టు తాగేది. మాట తగ్గిపోయింది. మధ్యాహ్నాలు పడుకోవాలని చూసేది, పడుకుంటే నిద్ర వచ్చేది గానీ, బోరు మాట విని లేచినప్పటినుంచీ ఆ చోటికి దారి దొరికేది కాదు. వనజాక్షి ప్రతి ఆదివారం వెళ్ళి పక్కన కూర్చునేది. ఒకసారి క్షమించమని అడగబోయింది.

"గడ్డి ఇంకా ఉంటాదా ఆడ?" అంది హంపమ్మ మధ్యలో.

"అది ఎప్పుడూ ఉండేదే కాదక్కా."

"నాకు అట్ల చెప్పాకు," అని అటు తిరిగి కూర్చుంది.

కార్తీకంలో ఎండిన చెట్లను కొట్టేసే పని పెట్టుకున్నారు. వనజాక్షి సెలవు పెట్టి వెళ్ళింది. తిప్పేస్వామి గొడ్డలితో మొదళ్ళు నరుకుతున్నాడు, అక్కచెల్లెళ్ళిద్దరూ కొమ్మలు లాగి గట్టుకు చేరుస్తున్నారు. చీనీ ముళ్ళు చేతులు గీరుతున్నాయి. ఎండ నెత్తిమీదికి వచ్చింది. పచ్చగా మిగిలిన చెట్ల వరస ఒకటి దూరంగా ఉంది, హంపమ్మ ఆ వైపు చూడకుండా పని చేస్తోంది.

తిప్పేస్వామి గొడ్డలి దించి, చెమట తుడుచుకుని, బిందెలోంచి చెంబు ముంచుకున్నాడు. తల వెనక్కి వాల్చి ఎత్తి పోసుకుంటున్నాడు. గుటక గుటకకూ గొంతు కదులుతోంది. హంపమ్మ కొమ్మ లాగుతూ లాగుతూ ఆగింది. ఆ గొంతునే చూసింది. కొమ్మ వదిలేసింది.

నడిచిందో పరుగెత్తిందో వనజాక్షి గమనించేలోపే అక్క మొగుడి చేతిలో చెంబు లాగేసుకుంది. సగం నీళ్ళు ఆయన చొక్కా మీద పడ్డాయి. మిగిలిన సగం రెండు చేతులతో పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా, ముక్కులోకి పోయి దగ్గు వస్తున్నా ఆపకుండా తాగింది. గడ్డం మీదుగా కారి రవికె తడిసిపోయింది. తిప్పేస్వామి చొక్కా తడిని అరచేత్తో అదిమి పట్టుకుని కొయ్యబారి నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

హంపమ్మ నరికేసిన మొద్దు మీద కూర్చుంది. ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మొదట చిన్నగా, తర్వాత చిన్నపిల్లలా వెక్కి వెక్కి. వనజాక్షి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర మట్టిలో కూర్చుంది.

"పోయిందే," అంది హంపమ్మ. "ఇంక రాదు. మొన్నటిదాకా యాడో ఒక మూల తడి తగుల్తానే ఉన్నెది. గొంతు ఆర్కపోయినాక అది కూడా పోయింది. మళ్ళీ నేను నేనే అయితి."

వనజాక్షి అక్క మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఇన్నాళ్ళూ తాను ఎదురుచూసింది దీనికోసమే. ప్రాణం నిలబడిందని గుండె ఉప్పొంగుతోంది, ఆ మనిషికున్న ఒక్క నెమ్మదినీ తానే ఇచ్చి తానే తీసేసుకున్నానన్న బాధ అదే గుండెను నలిపేస్తోంది. రెండింట్లో దేన్నీ ఆపుకోవాలనిపించలేదు.

హంపమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చెల్లెలి తల మీద ఒకసారి చెయ్యి వేసి, తర్వాత ఆ తలను కాస్త పక్కకు నెట్టి, చెంబు ఆమె చేతిలో పెట్టింది.

"ఏడ్సింది చాల్లే. లేయ్. ఇంకో చెంబు తే."